పొద్దుగాల తీపి, మాపటికి పులుపు



బురైమిలో మేముండే ఇంటి వెనక ఒక ఖర్జూర తోట ఉంది. మా వంటింటి కిటికీ తెరిస్తే చెట్ల తలలే కనిపిస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక మనిషి ఆ చెట్లెక్కుతాడు. మగ చెట్టు పూరేకులు తెచ్చి ఆడ చెట్టు గెలలో పెట్టి కట్టి వస్తాడు. అప్పుడే కాయ నిలుస్తుందట. ఎక్కేటప్పుడు తన వీపు చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి ఒక తాడు వేసుకుంటాడు. దాన్ని ఇక్కడ హాబూల్ అంటారు. వీపు ఆనించే చోట వెడల్పుగా అల్లి ఉంటుంది. ఒక అడుగు పైకి వేస్తాడు, తాడును పైకి ఎగరేస్తాడు, మళ్లీ అడుగు.

మొదటిసారి చూసినప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోయినా నాకు తెలియలేదు. అది మోకు. మా బాపు నడుముకు ముప్పై ఐదేళ్లు ఉన్న మోకు.

మాది జనగామ దగ్గర పల్లె. సర్దార్ సర్వాయి పాపన్న పుట్టిన ఖిలాషాపూర్ మాకు దగ్గరే. గౌండ్లోళ్ల ఇల్లు. బాపు తాళ్లు గీసేది, అమ్మ మండువ కాడ కూర్చుని కల్లు అమ్మేది. చెట్టెక్కేది బాపు, లెక్క మాత్రం అమ్మది. ఎవరు ఎన్ని సీసాలు తాగారో, ఎవరు దసరాకు ఇస్తామన్నారో, అన్నీ ఆమె నోటి మీదే ఉండేవి. ఇప్పుడు నేను ఇక్కడ బట్టలు కుడుతూ, ఎవరి జాకెట్ ఎన్ని రియాళ్లు బాకీనో కాగితం లేకుండా చెప్తానంటే ఆ మండువ చదువే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా అక్క బిడ్డ హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతోంది. మొన్న ఒక రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టింది. "చిన్నమ్మా, మాకు వైట్ వైన్ పాఠం చెప్తున్నారు. ఏ ఊరి ద్రాక్ష, ఏ నెలలో కోత, ఏ తిండితో ఏది తాగాలి అని. మన దగ్గర అసొంటిది ఏమన్న ఉన్నదా? రాసుకరమ్మన్నరు."

నాకు నవ్వొచ్చింది. తెల్లగా, చల్లగా, లేతగా, ఆ పూటకాపూట తాగేది, చెట్టును బట్టి, నేలను బట్టి, నెలను బట్టి రుచి మారేది... మన ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల ఇది అడగాలా? కానీ తరువాత బాధేసింది. అది పుట్టేనాటికే బాపు చెట్టెక్కడం తగ్గించాడు. దానికి చూపించిందెవరు?

లేత వైన్, లేత కల్లు

వాళ్ల పాఠంలో పోర్చుగల్ దేశపు వీన్యో వెర్దే అనే వైన్ ఉందట. మాటకు అర్థం ఆకుపచ్చ వైన్. రంగు ఆకుపచ్చ కాదు, లేతది అని. ఏళ్ల తరబడి పీపాల్లో దాచరు. కోసిన కొన్ని నెలలకే సీసాలో పోసి అమ్ముతారు. కొంచెం పులుపు, నాలుక మీద సన్నటి చిమచిమ, చేపలతో బాగుంటుందని చెప్తారు. అది నెలల్లో తయారయ్యే లేత వైన్. మన కల్లు గంటల్లో తయారవుతుంది. అంత తేడా.

కల్లు ఎవరూ తయారుచేసేది కాదు. గెల చివర సన్నగా చెక్కుతారు. అట్లా గీస్తారు కాబట్టే గీత కార్మికులు అన్నారు. చెక్కిన చోట నుంచి బొట్టు బొట్టుగా నీరు కారుతుంది. ఆ నీళ్లలో నూటికి పది నుంచి పదిహేను పాళ్లు చక్కెర. గాలిలో, కుండ అంచున, గెల మీద ఉండే ఈస్ట్, ఇంకా కొన్ని బ్యాక్టీరియాలు ఆ చక్కెరను వెంటనే తినడం మొదలుపెడతాయి. చక్కెర పోయి సారాయి, గ్యాసు పుడతాయి. నురగ అందుకే. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాల్ వస్తుంది, అంటే బీరంత. ద్రాక్ష వైన్‌లో పదకొండు, పన్నెండు దాకా ఉంటుంది. మర్నాటికి కల్లు సిర్కా వాసన పడుతుంది. దాచుకుందామంటే కుదరదు. పోర్చుగల్ వైన్ ఓడ ఎక్కి ఇక్కడి దాకా వస్తుంది గానీ, మా ఊరి కల్లు జనగామ బస్టాండు దాటేసరికే వేరే కల్లు అయిపోతుంది.

కుండ లోపల సున్నం పూసి, తెల్లవారకముందే దింపితే ఆ పులియడం ఆగుతుంది. అది నీరా. మత్తు ఉండదు, తీపి ఉంటుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. సెలవుకు పోయినప్పుడు పిల్లల్ని తీసుకుని పోవచ్చు.

ఏ చెట్టు, ఏ నేల, ఏ నెల

అక్క బిడ్డ అడిగినవి నాకు సగమే తెలుసు. అందుకే బాపునే అడగమన్నాను. ఆయన ఫోన్లో మాట్లాడడు. "ఊ" అంటాడు, "మంచిగున్నరా" అంటాడు, అమ్మకు ఇస్తాడు. అట్లాంటి మనిషి, ఈ ముచ్చట అడిగితే పదకొండు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. అందులోవే ఇవన్నీ.

తాటిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మగదాన్ని పోద్దాడు అంటాం. కాయ కాయదు, గెల మాత్రమే వేస్తుంది. కల్లు దానిది ముందు వస్తుంది, చలి పోయి ఎండ ముదరకముందు. ఆడదాన్ని పండుతాడు అంటాం. దానిది ఎండాకాలపు కల్లు. దాన్ని గీస్తే ముంజలు రావు, ముంజలు కావాలంటే గీయొద్దు. ఇక్కడి ఖర్జూరంలోనూ ఆడ, మగ వేరే. కానీ ఇక్కడ వాళ్లకు కావలసింది పండు, అందుకని తోటకు కొన్ని మగ చెట్లే ఉంచుతారు. మనకు పోద్దాడు కూడా అన్నం పెడుతుంది.

ఈత వేరు. దాన్ని గెల దగ్గర కాదు, తల కింద మాను మీద చెక్కుతారు. ఒక ఏడు ఒక పక్క, మర్నాటి ఏడు ఇంకో పక్క. అందుకే పాత ఈత చెట్టు మెట్లు మెట్లుగా వంకరలు పోయి కనిపిస్తుంది. ఆ గంట్లు లెక్కపెడితే దాన్ని ఎన్నేళ్లు గీశారో చెప్పొచ్చు. ఈత కల్లు చలికాలం బంగారం. చల్లటి రాత్రి కారింది పొద్దుగాల పలచగా, తియ్యగా ఉంటుంది. ఈతను రోజూ గీస్తే చెట్టు చచ్చిపోతుంది, నడుమ ఆరనివ్వాలి.

నల్లగొండ, భువనగిరి, జనగామ వైపు తాళ్లు. మెదక్, నిజామాబాద్, పాలమూరు వైపు వాగుల పక్కన ఈతవనాలు. గోదావరి అవతల మన్యంలో జీలుగు చెట్టు ఉంది, దాని కల్లు దానిదే. కోస్తా చెల్లెళ్లకు తాటి అంటే కల్లు కన్నా ముందు తేగలు, తాటిపండు రొట్టె గుర్తొస్తాయి. అదీ ఆ చెట్టే.

మన ఈతకు ఇక్కడి ఖర్జూరం సొంత అక్క. ఒకే జాతి. మరి ఖర్జూరానికి కల్లు రాదా? వస్తుంది. ట్యునీషియా, లిబియా దేశాల్లో ఖర్జూర చెట్టు తల చెక్కి నీరు దింపుతారు. లగ్మీ అంటారు. పొద్దున తియ్యగా తాగుతారు, ఉంచితే మన కల్లులాగే పులుస్తుంది. బురైమిలో మాత్రం ఎవరూ ఖర్జూరాన్ని గీయరు. ఫలజ్ నీళ్లు పారించి పెంచిన చెట్టు, ఏటా పండ్లిచ్చే చెట్టు. దాని తల మీద కత్తి పెట్టడం వాళ్లకు పాపం కిందే లెక్క.

ఏ పూట కల్లుకు ఏ తిండి

వైన్ పాఠంలో దీన్నే ఘనంగా చెప్తారట. మన మండువలో ఎవరూ పాఠం చెప్పలేదు గానీ పద్ధతి ఉంది.

పొద్దుటి కల్లు తీపిది. దానితో కారం పనికిరాదు. ఉడకబెట్టిన పల్లికాయ, బొబ్బర్ల గుడాలు, శనగ గుడాలు చాలు. ఉప్పు తగిలితే తీపి ఇంకా తేలుతుంది.

పగటి కల్లుకు పులుపు, చిమచిమ వచ్చి ఉంటాయి. దీనికి నూనె వస్తువు కావాలి. మక్క గారెలు, సర్వపిండి, వేయించిన చేప. నోటికి అంటిన నూనెను ఆ పులుపు కడిగేస్తుంది. చేపల పులుసు మాత్రం వద్దంటాడు బాపు. పులుపు మీద పులుపు పడితే రెండూ చెడతాయట. వేపుడైతేనే చేప రుచి, కల్లు రుచి రెండూ తెలుస్తాయి.

మాపటి కల్లు ఘాటుది. దానికి బోటి, తలకాయ కూర, ఎండు చేపలు, నాటుకోడి కూర, జొన్న రొట్టె. పలచటి తిండి దాని ముందు ఆగదు.

తాగేది దేనిలో అన్నది కూడా ముఖ్యమే. తాటి రేకను మడిచి దోసిలి పట్టి తాగితే పచ్చి ఆకు వాసన కలుస్తుంది. గాజు గ్లాసులో ఆ రుచి రాదు. "గ్లాసుల పోస్తే కండ్లు తాగుతయి, రేకల పోస్తే ముక్కు తాగుతది" అన్నాడు బాపు. ఆ మాటను అక్క బిడ్డ తన పుస్తకంలో అట్లాగే రాసుకుంది.

ఇక్కడ మనకు కల్లు లేదు, ఉండదు కూడా. ఒమన్‌లో లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడం, అమ్మడం, నలుగురిలో తాగడం నేరం. ఎవరైనా చక్కెర నీళ్లలో ఈస్ట్ కలిపి "కల్లు చేద్దాం" అంటే ఆ ఛాయలకు పోవద్దు. ఉద్యోగం, వీసా రెండూ పోతాయి. కానీ తిండి ఎక్కడికీ పోలేదు. వాదీ అల్ జిజీ దారిన సోహార్ నుంచి చేప వస్తుంది. కన్‌అద్ అంటే మన వంజరమే. దానికి ఉప్పు, కారం, అల్లం, నిమ్మ పట్టించి పెనం మీద వేయించండి. పక్కన చల్లటి లబన్‌లో కొంచెం జీలకర్ర, ఉప్పు కలిపి పెట్టుకోండి. ఎండు సొర అవాల్ అని దొరుకుతుంది. నానబెట్టి, ఉల్లిగడ్డతో వేయిస్తే మన ఎండు చేపల వాసనే. జూన్, జులైలో రుతబ్ వస్తుంది. సగం పండి సగం గట్టిగా ఉండే పండు. దాన్ని లబన్‌తో తింటే తీపి, పులుపు కలిసి, కళ్లు మూసుకుంటే మండువ గుర్తొస్తుంది. అబద్ధం చెప్పను, పూర్తిగా కాదు. కొంచెం.

నేను ఆపించిన చెట్లు

ఇప్పుడు అసలు మాట.

2018 వేసవిలో బాపు చెట్టు మీద నుంచి జారాడు. సగం దిగాక మోకు జారింది. కాలు విరిగింది, రాడ్ వేశారు. నాకు సెలవు దొరకలేదు. ఆపరేషన్ థియేటర్ బయట మా తమ్ముడు ఫోన్ పట్టుకుంటే, నేను ఇక్కడ కుట్టుమిషన్ పక్కన నేల మీద కూర్చుని చూశాను. ఆయన బయటకు వచ్చాక నేను అన్న మొదటి మాట, "బాపూ, ఇగ ఎక్కకు. నెలనెలా నేను పంపుతా." ఆయన ఏమీ అనలేదు. ఎక్కడం మానేశాడు.

మంచి పనే చేశాననుకున్నాను. ఇప్పటికీ అట్లే అనుకుంటున్నాను. తాటి చెట్టు నుంచి పడి నడుము విరిగి మంచం పట్టిన మనుషులు మా గౌండ్లోళ్ల వాడలోనే ఉన్నారు. ఏ బిడ్డ అయినా అదే చెప్తుంది.

కానీ తరువాత ఏమైందో కూడా చెప్పాలి. బాపు గీసే చెట్లు సంఘంలో ఇంకొకరికి పోయాయి. ఆయనకూ వయసే, రెండేళ్లకు మానేశాడు. మా తమ్ముడు దుబాయ్ పోయాడు. చెట్లున్నాయి, ఎక్కే మనిషి లేడు. ఊర్లో పండక్కి కల్లు కావాలంటే టౌను నుంచి ఆటోలో వచ్చే కల్లే. తెల్లగా ఉంటుంది, ఎంతసేపు ఉంచినా పులవదు. అప్పుడే అర్థం కావాలి కదా! చెట్టు కల్లు ఆగదు, మారుతుంది. మారని కల్లు కల్లు కాదు.

మా మేనమామ హైదరాబాద్‌లో ఆ కల్లుకు అలవాటు పడ్డాడు. ఒకసారి ఆయన పోయే దుకాణం మూడు రోజులు మూతపడింది. చేతులు వణికాయి, లేని మనుషులతో మాట్లాడాడు, నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయి. మా అత్త దయ్యం పట్టిందని భయపడింది. డాక్టర్ చెప్పింది వేరే. చెట్టు కల్లు చాలక నీళ్లలో చక్కెర, క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, ఆల్ప్రజోలం లాంటి మందులు కలిపి అమ్ముతారు. ఒళ్లు ఆ మందుకు అలవాటవుతుంది. ఒక్కసారిగా ఆపితే ఇట్లా అవుతుంది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయిన వార్త ఇక్కడ మనందరం ఫోన్లలో చూశాం. అంతకుముందు హైదరాబాద్‌లో 2004లో కల్లు దుకాణాలు మూయించారు, 2014లో మళ్లీ తెరిచారు. మూసినా తెరిచినా, చెట్టెక్కే మనిషి లేకపోతే సీసాలోకి వచ్చేది పొడే.

అందుకే ఇంటికాడ ఉన్నవాళ్లకు చెప్తున్నా:

ఇంట్లో ఎవరికైనా రోజూ డిపో కల్లు లేకపోతే వణుకు, నిద్ర లేకపోవడం, మతి తప్పడం ఉంటే, తాళం వేసి మాన్పించకండి. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ చేతి మీదుగా మెల్లగా తగ్గించాలి. ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

కల్లు ఒంటికి చలువ, బాలింతకు మంచిది అని పాత మాటలున్నాయి. ఆల్కహాల్ ఆల్కహాలే. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ముట్టొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు నీరా కూడా చక్కెర నీళ్లే.

ఇంట్లో గీత కార్మికులుంటే కాగితాలు చూడండి. తెలంగాణలో 50 ఏళ్లు దాటిన గీత కార్మికులకు పింఛన్ ఉంది. సంఘంలో సభ్యత్వం, గుర్తింపు కార్డు లేకపోతే ఏదీ రాదు. 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, బెల్టులు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మనిషి జారినా కింద పడకుండా పట్టుకుంటుంది. తీసుకుని మూలకు పడేసేవాళ్లే ఎక్కువ, అలవాటు లేదని. వాడమని అడగాల్సింది మనమే. డబ్బు పంపే బిడ్డ మాట వింటారు. నా బాపు విన్నాడు కదా.

పదకొండో మెసేజ్

అక్క బిడ్డ సంక్రాంతి సెలవులకు ఊరికి పోయింది. బాపు కట్టె పట్టుకుని చెరువు కట్ట దాకా నడిచి, ఏ చెట్టు ఏమిటో చూపించాడట. హరితహారంలో కట్ట మీద నాటిన ఈత మొక్కలు ఇప్పుడు మనిషి ఎత్తు దాటాయి. తాటికైతే పదిహేనేళ్ల పైనే పడుతుంది గీతకు రావడానికి. "ఇవి గీసేటాళ్లు ఎవరు తాతా?" అని అడిగిందట. బాపు జవాబు చెప్పలేదు. పక్క వాడలో ఒక పిల్లగాడు కొత్త కిట్టుతో ఎక్కడం నేర్చుకుంటున్నాడని, ఆ పిల్లగాడికి కత్తి పదును పెట్టడం బాపే చూపిస్తున్నాడని అమ్మ చెప్పింది. ఆయన నాకు చెప్పలేదు. నేను మళ్లీ వద్దంటానని భయమేమో.

నేను వద్దనలేదు. ఎక్కమని కూడా అనలేను. ఎక్కేవాళ్లకు తాడు గట్టిగా ఉందా అని అడగడమే నాకు తెలిసింది.

మొన్న మా వంటింటి కిటికీలోంచి ఆ మనిషి చెట్టెక్కే వీడియో తీసి బాపుకు పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది. పదకొండో మెసేజ్ అదే. ముందు కాసేపు ఏమీ లేదు, చెరువు కట్ట మీది గాలి చప్పుడు.

"మంచిగనే ఎక్కుతుండు బిడ్డా. తాడు పట్టు మంచిగున్నది. గని ఆయన కాళ్లకు గుజి లేదేందే? అడుగు ఒకసారి."

ఆయనది ఏ దేశమో, ఏ భాషో నాకు తెలియదు. ఈసారి తోటలోకి వచ్చినప్పుడు ఒక గ్లాసు లబన్ ఇచ్చి అడుగుతాను.